షుగర్ ఉంటే గ్లాకోమా త్వరగా ముదురుతుందా? ఒకే ప్రశ్నలో ఇమిడిన మూడు ప్రశ్నలు

గ్లాకోమాకు చుక్కల మందు వాడుతున్నవారికి ఒకనాటి రక్తపరీక్షలో మధుమేహం బయటపడినా, ఏళ్ల తరబడి మధుమేహంతో ఉన్నవారికి కంటి పరీక్షలో గ్లాకోమా ఉన్నట్టు తేలినా, వెంటనే పుట్టే సందేహం ఒకటే: షుగర్ వల్ల గ్లాకోమా మరింత తొందరగా ముదురుతుందా? జవాబు కోసం వెతికితే దొరికేవి ఒకదానితో ఒకటి పొసగవు. మధుమేహం గ్లాకోమా ముప్పును దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తుందని ఒకచోట, రెండింటికీ సంబంధమే లేదని మరోచోట, మధుమేహం ఉన్నవారిలోనే గ్లాకోమా తక్కువగా వచ్చిందని ఇంకోచోట కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఈ మూడూ పేరున్న పరిశోధనల నుంచి వచ్చినవే, వీటిలో ఏదీ కల్పితం కాదు.

చిక్కు ప్రశ్నలోనే ఉంది. గ్లాకోమా రావడం ఒక ప్రశ్న. వచ్చిన గ్లాకోమా ఎంత వేగంగా ముదురుతుందన్నది వేరే ప్రశ్న. మధుమేహమే నేరుగా పుట్టించే ఒక ప్రత్యేక రకం గ్లాకోమా మూడో ప్రశ్న. మొదటి ప్రశ్నకు దొరికిన సంఖ్యను తెచ్చి రెండో ప్రశ్నకు జవాబుగా పెట్టడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతోంది.

## గ్లాకోమాలో నష్టపోయేది ఏమిటి?

కంటి వెనుక గోడ లోపలివైపు కాంతిని గ్రహించే పొర రెటీనా. దాని మీద పడిన దృశ్యాన్ని మెదడుకు చేరవేసేది దృష్టి నాడి. అది పది లక్షలకు పైగా సన్నని తంతువులున్న కట్ట. రెటీనాలోని గాంగ్లియాన్ కణాలనే నాడీకణాల నుంచి బయలుదేరిన ఈ తంతువులు కంటి గోడను దాటే చోట దెబ్బతిని, కొద్దికొద్దిగా చనిపోయే జబ్బునే గ్లాకోమా అంటారు. నీటికాసులు అన్న పాత పేరు కూడా దీనిదే. చనిపోయిన తంతువు తిరిగి పుట్టదు. సాధారణంగా మొదట పక్కచూపులో మసకలు ఏర్పడతాయి, ఒక కంటి లోటును రెండో కన్ను పూడ్చేస్తుంది కాబట్టి చాలాకాలం రోగికి ఏమీ తెలియదు.

ఈ నష్టానికి ప్రధాన కారణం కంటి ఒత్తిడి. కంటి ముందుభాగంలో పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా, దాని వెనుక ఉన్న రంగు వలయం ఐరిస్ కలిసే మూలలో ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. పోవలసినంత పోకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. అయితే 21 దాటినా గ్లాకోమా రానివారు ఉన్నారు, ఎన్నడూ దాటకుండానే వచ్చినవారూ ఉన్నారు. అంటే నాడి తట్టుకునే శక్తి, దానికి రక్తం అందే తీరు కూడా లెక్కలోకి వస్తాయి. మధుమేహం ఈ కథలోకి ప్రవేశించేది ప్రధానంగా ఈ ద్వారం గుండానే.

మూల తెరిచే ఉండి జల్లెడ సరిగా పనిచేయకపోతే అది ఓపెన్ యాంగిల్ గ్లాకోమా, మూలే మూసుకుపోతే యాంగిల్ క్లోజర్ గ్లాకోమా. ఈ వ్యాసంలో వేరుగా చెప్పని చోటల్లా మొదటి రకం గురించే మాట్లాడుతున్నాను, ఎందుకంటే పరిశోధనల్లో ఎక్కువ భాగం దాని మీదే జరిగాయి.

## 'ముదరడం' అన్న మాటకు కొలత ఏమిటి?

గ్లాకోమా ముదిరిందనడానికి రెండు ఆధారాలు చూస్తారు. ఒకటి విజువల్ ఫీల్డ్ పరీక్ష: చూపును ఒకచోట నిలిపి, చుట్టూ మెరిసే చుక్కల్లో ఎంత మసకైనవి కనబడుతున్నాయో కొలుస్తారు. రెండోది ఓసీటీ స్కాన్: దృష్టి నాడి చుట్టూ ఉన్న తంతువుల పొర మందాన్ని మైక్రాన్లలో చూపిస్తుంది.

మొదటి పరీక్షలో లోటును డెసిబెళ్లలో చెబుతారు. అదే వయసున్న ఆరోగ్యవంతుల సగటును సున్నాగా తీసుకుంటారు, లోటు పెరిగే కొద్దీ సంఖ్య రుణాత్మకంగా కిందికి దిగుతుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఇద్దరికి ఈరోజు లోటు మైనస్ 6 డెసిబెళ్లు ఉందనుకుందాం. ఒకరిలో అది ఏడాదికి 0.5 చొప్పున, మరొకరిలో 1 చొప్పున పెరుగుతోంది. చూపు తీవ్రంగా దెబ్బతిన్నట్టు పరిగణించే మైనస్ 22 దగ్గరికి చేరడానికి మొదటివారికి 32 ఏళ్లు, రెండోవారికి 16 ఏళ్లు పడుతుంది. ఇద్దరి వయసూ 60 అయితే, ఒకరికి ఆ స్థితి 92లో, మరొకరికి 76లో వస్తుంది. 'త్వరగా ముదరడం' అంటే ఆచరణలో ఈ తేడాయే.

ఇంత చిన్న వార్షిక తేడాను పట్టుకోవడం మాత్రం తేలిక కాదు. అలసట, పరధ్యానం, కాస్త ముదిరిన శుక్లం, ఏది ఉన్నా ఒక పరీక్షకూ మరో పరీక్షకూ ఒక డెసిబెల్ అటూ ఇటూ కావచ్చు. అందుకే వేగం గురించి నమ్మకంగా చెప్పాలంటే ఏళ్ల తరబడి, పదేపదే చేసిన పరీక్షలు కావాలి. గ్లాకోమా ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని లెక్కపెట్టే అధ్యయనాలు ఎన్నో ఉన్నా, వేగాన్ని కొలిచినవి తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

## మొదటి ప్రశ్న: మధుమేహం ఉంటే గ్లాకోమా వచ్చే ముప్పు పెరుగుతుందా?

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ, గత రెండు మూడు నెలల చక్కెర సగటును సూచించే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ చేరితే మధుమేహం కింద లెక్కిస్తారు. ఈ రెండు జబ్బుల సంబంధం మీద 1990లలోనే పెద్ద జనాభా సర్వేలు వచ్చాయి. అమెరికాలోని బీవర్ డ్యామ్ సర్వేలో పెద్ద వయసులో మధుమేహం వచ్చినవారిలో 4.2 శాతం మందికి, లేనివారిలో 2 శాతం మందికి ఓపెన్ యాంగిల్ గ్లాకోమా కనిపించింది. ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ సర్వే కూడా ఇంచుమించు రెండింతల తేడానే చూపింది. అమెరికాలోనే జరిగిన బాల్టిమోర్ సర్వేలో సంబంధం కనిపించలేదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం మరీ ఆసక్తికరం: 1996లో సంబంధం ఉందన్నది, అదే జనాన్ని కొన్నేళ్లు వెంబడించి చూశాక 2006లో మధుమేహం ముప్పును పెంచలేదని ప్రకటించింది.

ఇలాంటి 47 అధ్యయనాలను, దాదాపు 30 లక్షల మంది సమాచారాన్ని కలిపి 2015లో చేసిన ఒక సమగ్ర విశ్లేషణలో, మధుమేహం ఉన్నవారికి గ్లాకోమా ముప్పు 1.48 రెట్లని, మధుమేహం బయటపడ్డాక ఒక్కో ఏడాది గడిచే కొద్దీ ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని తేలింది. తరచూ వినిపించే 'దాదాపు సగం ఎక్కువ' అన్న మాటకు ఇదే మూలం. అయితే ఆ మాటను సరిగా తూచాలి. మధుమేహం లేని నూరుమందిలో ఇద్దరికి గ్లాకోమా ఉందనుకుంటే, 1.48 రెట్లంటే మధుమేహం ఉన్న నూరుమందిలో సుమారు ముగ్గురికి అన్నమాట. నూటికి యాభై మందికి వస్తుందని కాదు. మిగిలిన 97 మందికి గ్లాకోమా లేదు.

అదే విశ్లేషణలో, మధుమేహం ఉన్నవారి సగటు కంటి ఒత్తిడి లేనివారి కంటే ఎక్కువే, కానీ ఆ తేడా 0.18 మిల్లీమీటర్లు మాత్రమే. ఉదయానికీ సాయంత్రానికీ ఒకే కంటిలో వచ్చే తేడా ముందు ఇది ఎంతో చిన్నది. ముప్పు నిజంగానే పెరుగుతోందనుకుంటే, దానికి కారణం ఒత్తిడి ఒక్కటే కాలేదన్నమాట.

ఇక్కడ మరో మెలిక ఉంది. మధుమేహం ఉన్నవారు రెటీనా పరీక్ష కోసం ఏటా కంటి వైద్యుల దగ్గరికి వెళతారు, లేనివారు చూపు మసకబారితే తప్ప వెళ్లరు. బయటికి కనిపించకుండా పెరిగే జబ్బు, ఎవరిని ఎక్కువగా పరీక్షిస్తే వారిలోనే ఎక్కువగా దొరుకుతుంది. బాల్టిమోర్ సర్వే దీన్ని చక్కగా బయటపెట్టింది. సర్వే వైద్యులు అందరినీ పరీక్షించి లెక్కిస్తే సంబంధం కనబడలేదు. సర్వేకు ముందే ఎక్కడో గ్లాకోమా నిర్ధారణ అయినవారిని మాత్రమే విడిగా చూస్తే మధుమేహంతో సంబంధం కనబడింది. అంటే కొంత భాగం జబ్బుల మధ్య సంబంధం కాదు, పరీక్షల మధ్య సంబంధం.

## మధుమేహం కాపాడిందన్న లెక్క ఎలా వచ్చింది?

కంటి ఒత్తిడి ఎక్కువగా ఉండి ఇంకా గ్లాకోమా రాని 1,636 మందితో అమెరికాలో నడిచిన ఆక్యులర్ హైపర్‌టెన్షన్ ట్రీట్‌మెంట్ స్టడీ 2002లో ఫలితాలు ప్రకటించినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది: మధుమేహం ఉందని చెప్పినవారిలో గ్లాకోమా తక్కువ మందికి వచ్చింది. అయితే ఆ అధ్యయనంలో డయాబెటిక్ రెటినోపతి, అంటే మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారిని మొదటే చేర్చుకోలేదు. పైగా మధుమేహం ఉందో లేదో రోగులు చెప్పిన మాటనే ఆధారంగా తీసుకున్నారు. ఆ వివరాలను మళ్లీ సేకరించి 2008లో లెక్క తిరగేస్తే, కాపాడే గుణం కనబడకుండా పోయింది.

వడపోత ఫలితాన్ని ఎలా తలకిందులు చేయగలదో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒత్తిడి ఎక్కువున్న, మధుమేహం ఉన్న వందమందిలో 30 మందికి రెటినోపతి ఉందనుకోండి, వారిలో 12 మందికి గ్లాకోమా వచ్చింది. రెటినోపతి లేని 70 మందిలో ఏడుగురికి వచ్చింది. మొత్తం వందకు 19. మధుమేహం లేని వందమందిలో 12 మందికి వచ్చిందనుకుంటే, మధుమేహం ముప్పును పెంచినట్టే. ఇప్పుడు ఆ 30 మందినీ అధ్యయనంలోకి రానివ్వకపోతే మిగిలేది 70కి ఏడు, అంటే వందకు 10. అదే మధుమేహం ఇప్పుడు 12 కంటే తక్కువతో రక్షకుడి వేషంలో నిలబడుతుంది. ఒక్క రోగి జబ్బూ మారలేదు, గుమ్మం దగ్గర ఎవరిని ఆపామన్నదే మారింది.

## రెండో ప్రశ్న: ఉన్న గ్లాకోమా త్వరగా ముదురుతుందా?

ఇక అసలు ప్రశ్న. స్వీడన్‌లో జరిగిన ఎర్లీ మ్యానిఫెస్ట్ గ్లాకోమా ట్రయల్ రోగులను ఏళ్ల తరబడి గమనించి, జబ్బు ముదరడాన్ని ముందుగా సూచించే అంశాలను 2007లో ప్రకటించింది. వయసు, అధిక కంటి ఒత్తిడి, దృష్టి నాడి అంచున రక్తపు చార, కంటికి రక్తాన్ని నెట్టే పీడనం తక్కువగా ఉండటం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మధుమేహం లేదు.

మరో రెండు అమెరికా అధ్యయనాలు వేరే మాట చెబుతాయి, కానీ ఆ మాటను జాగ్రత్తగా వినాలి. అడ్వాన్స్‌డ్ గ్లాకోమా ఇంటర్వెన్షన్ స్టడీలో మందులతో అదుపు కాని రోగులను రెండు వరుసల్లో ఉంచారు: ఒక వరుసలో మొదట ట్రాబెక్యులెక్టమీ శస్త్రచికిత్స, మరో వరుసలో మొదట లేజర్. శస్త్రచికిత్సతో మొదలుపెట్టిన వరుసలో మధుమేహం ఉన్నవారి విజువల్ ఫీల్డ్ ఎక్కువగా క్షీణించింది. ట్రాబెక్యులెక్టమీ విఫలం కావడానికీ మధుమేహానికీ సంబంధం ఉన్నట్టు కూడా అదే అధ్యయనం తేల్చింది. 607 మంది కొత్త రోగులతో జరిగిన కొలాబరేటివ్ ఇనిషియల్ గ్లాకోమా ట్రీట్‌మెంట్ స్టడీలో కూడా, మధుమేహం ఉన్నవారిలో మందులతో మొదలుపెట్టినవారి కంటే శస్త్రచికిత్సతో మొదలుపెట్టినవారికే కాలక్రమంలో చూపు ఎక్కువ తగ్గింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఇక్కడ కనబడుతున్నది మధుమేహం గ్లాకోమాను తరుముతున్న దృశ్యం కన్నా, మధుమేహం ఒక చికిత్సతో పేచీ పెట్టుకున్న దృశ్యంలా ఉంది. ట్రాబెక్యులెక్టమీలో ద్రవం బయటికి పోవడానికి కొత్త దారి తెరుస్తారు. ఆ దారి మానిపోకుండా తెరిచి ఉండటమే దాని విజయం. శరీరం ఆ గాయాన్ని గట్టి మచ్చతో మూసేస్తే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. గాయం మానే తీరును మధుమేహం మారుస్తుందన్నది తెలిసిన సంగతే.

మధుమేహం ఉంటే వేగం తగ్గుతుందనే పక్షానికీ ఆధారాలున్నాయి. ఓసీటీతో తంతువుల పొర పలచబడే వేగాన్ని కొలిచి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, టైప్ 2 మధుమేహానికి చికిత్స పొందుతూ రెటినోపతి లేని గ్లాకోమా రోగుల్లో, మధుమేహం లేని రోగుల కంటే ఆ వేగం తక్కువగా కనిపించింది. ఇది పైన చెప్పిన వడపోత ప్రభావమే కావచ్చునని కొందరు, వాడుతున్న మధుమేహ మందుల ప్రభావమని కొందరు, నిజంగానే జీవశాస్త్రపరమైన కారణం ఉందని కొందరు అంటారు.

## ప్రయోగశాల ఏ పక్షం?

దురదృష్టవశాత్తూ రెండు పక్షాలూ. రక్తంలో చక్కెర దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే ప్రోటీన్లకు చక్కెర అంటుకుని అవి గట్టిపడతాయి. జల్లెడ కణజాలంలో ఇది జరిగితే ద్రవం పోవడానికి అడ్డు పెరుగుతుంది. చిన్న రక్తనాళాలు అవసరాన్ని బట్టి సంకోచ వ్యాకోచాలు చేసే శక్తి తగ్గితే నాడికి రక్తసరఫరా తడబడుతుంది. వీటికి మించి, రెటినోపతి కంటికి కనబడక ముందే మధుమేహంలో రెటీనా లోపలి పొరలు పలచబడటం మొదలవుతుందని ఓసీటీ పరిశోధనలు చూపించాయి. అంటే గాంగ్లియాన్ కణాలు ముందే నీరసించి ఉంటాయి, వాటి మీద గ్లాకోమా ఒత్తిడి అదనంగా పడుతుంది. ఒకే గోడకు రెండు వైపుల నుంచీ చెమ్మ పట్టినట్టు.

ఎలుకల్లో జరిగిన ప్రయోగాలు మాత్రం ఇంకో ముఖం చూపాయి. కంటి ఒత్తిడిని కృత్రిమంగా పెంచినప్పుడు, కొద్దికాలం చక్కెర ఎక్కువగా ఉన్న ఎలుకల్లో నాడీ తంతువులకు నష్టం తక్కువగా జరిగింది. ఒత్తిడిలో ఉన్న కణానికి ఇంధనం కాస్త ఎక్కువ అందడం తాత్కాలికంగా మేలు చేసిందన్నది దీనికి ఇచ్చే వివరణ. అయితే కొద్ది రోజుల అధిక చక్కెర వేరు, పదిహేనేళ్ల మధుమేహం వేరు. ఎలుకల ఫలితాన్ని పట్టుకుని చక్కెర కంటికి మంచిదని అర్థం తీయడం ఆ ప్రయోగం చెప్పని మాటను దాని నోట్లో పెట్టడమే.

## కొలతలే తికమక పెట్టినప్పుడు

మధుమేహం గ్లాకోమాను మార్చినా మార్చకపోయినా, గ్లాకోమాను కొలిచే పనిముట్ల రీడింగులను మాత్రం తప్పక మారుస్తుంది. మధుమేహం ఉన్నవారి కార్నియా సగటున కొంచెం మందంగా, బిగువుగా ఉంటుంది. మందమైన కార్నియా మీద కొలిచిన ఒత్తిడి అసలు కంటే ఎక్కువగా కనబడుతుంది. ఓసీటీలో పొర పలచబడితే అది గ్లాకోమా పనా, మధుమేహం పనా అన్నది ఒక్క స్కాన్‌తో తేలకపోవచ్చు. రెటీనాలో వాపు ఉంటే పొర మందంగా కనిపించి అసలు నష్టాన్ని కప్పిపుచ్చుతుంది, చికిత్సతో వాపు తగ్గినప్పుడు గ్లాకోమా ఒక్కసారిగా ముదిరినట్టు భ్రమ కలుగుతుంది. ముదిరిన రెటినోపతికి రెటీనా అంచుల్లో విస్తారంగా చేసే లేజర్ చికిత్స పక్కచూపును కొంత తగ్గిస్తుంది, అదీ విజువల్ ఫీల్డ్ పరీక్షలో గ్లాకోమా లోటులాగే కనబడవచ్చు.

## మూడో ప్రశ్న: వివాదం లేని చోటు

ఇంతవరకూ 'కావచ్చు', 'కాకపోవచ్చు' అన్న మాటలతో నడిచిన విషయం ఇక్కడ తేటపడుతుంది. నియోవాస్క్యులర్ గ్లాకోమా అనే రకానికి ముదిరిన డయాబెటిక్ రెటినోపతి ప్రధాన కారణాల్లో ఒకటి. రక్తం చాలక విలవిల్లాడే రెటీనా వీఈజీఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. కొత్త రక్తనాళాలు కావాలన్నది ఆ సంకేతం అర్థం. అది రెటీనా దగ్గరే ఆగకుండా కంటి ముందుభాగానికి చేరినప్పుడు ఐరిస్ మీద, ద్రవం బయటికి పోయే మూలలో కూడా బలహీనమైన కొత్త నాళాలు మొలుస్తాయి. వాటి వెంట ఏర్పడే పొర మొదట జల్లెడను కప్పి, తర్వాత ముడుచుకుంటూ మూలను మూసేస్తుంది. ఒత్తిడి 40, 50 మిల్లీమీటర్లకు కూడా ఎగబాకవచ్చు. మామూలు ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఏళ్ల మీద చేసే నష్టాన్ని ఇది వారాల్లో, నెలల్లో చేయగలదు.

దీని చికిత్స కూడా కారణం నుంచే మొదలవుతుంది. రక్తం అందని రెటీనా భాగాన్ని లేజర్‌తో నిర్వీర్యం చేసి సంకేతాన్ని ఆపుతారు, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌తో కొత్త నాళాలను ముడుచుకుపోయేలా చేస్తారు, ఒత్తిడిని మందులతోనో శస్త్రచికిత్సతోనో దించుతారు. 'షుగర్ వల్ల గ్లాకోమా వచ్చి చూపు పోయింది' అని ఎవరి గురించైనా విన్నప్పుడు అది చాలాసార్లు ఈ రకమే అయివుంటుంది. దాన్ని విని మామూలు గ్లాకోమా ఉన్నవారు బెంబేలెత్తడం, లేదా మామూలు గ్లాకోమా లెక్కలు చూసి ముదిరిన రెటినోపతి ఉన్నవారు నిశ్చింతగా ఉండటం, రెండూ ఒక రకాన్ని మరో రకంతో కలిపేయడం వల్ల వచ్చేవే.

## మందుల దగ్గర కలిసే దారులు

2015లో అమెరికా బీమా రికార్డుల నుంచి మధుమేహం ఉన్న సుమారు లక్షన్నర మంది సమాచారాన్ని విశ్లేషించినప్పుడు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మందును అత్యధికంగా వాడిన వర్గంలో కొత్తగా ఓపెన్ యాంగిల్ గ్లాకోమా వచ్చే ముప్పు అసలు వాడనివారి కంటే 25 శాతం తక్కువగా కనిపించింది. ఇటీవలి కాలంలో చక్కెరను, బరువును తగ్గించే జీఎల్‌పీ-1 తరగతి మందుల విషయంలోనూ ఇలాంటి సంబంధమే వెల్లడైంది. ఇదే తరగతికి చెందిన సెమాగ్లూటైడ్ వాడినవారిలో, దృష్టి నాడికి హఠాత్తుగా రక్తం ఆగిపోయే వేరొక జబ్బు ఎక్కువగా కనిపించిందని 2024లో ఒక అధ్యయనం చెప్పడంతో ఈ చర్చ వార్తల్లోకి ఎక్కింది. అది గ్లాకోమా కాదు, కానీ దెబ్బతినేది అదే నాడి. ఇవన్నీ రికార్డుల్లో కనిపించిన సంబంధాలు. ఒక మందు ఎవరికి రాస్తారన్నది వారి మూత్రపిండాల పరిస్థితి, బరువు, మధుమేహం తీవ్రత వంటి వాటి మీద ఆధారపడుతుంది కాబట్టి, తేడా మందుదా మనుషులదా అన్నది వీటితో తేలదు. పైగా ఇవి కూడా మొదటి ప్రశ్నకే, అంటే జబ్బు రావడానికే సంబంధించినవి.

చికిత్సల స్థాయిలో మాత్రం రెండు జబ్బులూ రోజూ ఒకదాని దారికి ఒకటి అడ్డొస్తూనే ఉంటాయి. మధుమేహం వల్ల రెటీనా మధ్యభాగంలో వచ్చే వాపుకు కంట్లోకి స్టెరాయిడ్ ఇస్తే కొందరిలో కంటి ఒత్తిడి పెరుగుతుంది, అప్పటికే గ్లాకోమా ఉంటే ఆ పెరుగుదల బరువు వేరుగా ఉంటుంది. ఒత్తిడి తగ్గించడానికి వాడే టిమోలాల్ వంటి బీటా బ్లాకర్ చుక్కలు కొంత మేర రక్తంలో కలిసి, చక్కెర పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడ, వణుకు వంటి లక్షణాలను మరుగుపరచగలవు. ఒత్తిడి అత్యవసరంగా దించడానికి నోటి ద్వారా ఇచ్చే గ్లిజరాల్ శరీరంలో గ్లూకోజ్‌గా మారుతుంది, కాబట్టి మధుమేహం ఉన్నవారిలో వైద్యులు దాన్ని సాధారణంగా తప్పించి వేరే మార్గం చూస్తారు.